కత్తెరా, వేపనూనెనా, కాపర్ మందా: ఇంటి మొక్కల ఆకుమచ్చలకు ఏది ఎంచుకోవాలి?

మనీప్లాంట్ ఆకు మీద గోధుమరంగు మచ్చ కనబడగానే చాలామంది ఫోటో తీసి నర్సరీవాళ్లకు పంపుతారు. "సాఫ్ కొట్టండి, తగ్గిపోతుంది" అని జవాబొస్తుంది. సాఫ్ మంచి మందే. కానీ అది శిలీంధ్రాలను (ఫంగస్‌ను) చంపే మందు. మచ్చ ఎండదెబ్బతో వచ్చిందా, బోరు నీళ్లలోని ఉప్పుతో వచ్చిందా, నల్లి రసం పీల్చడం వల్ల వచ్చిందా తేల్చుకోకుండా కొడితే డబ్బులు పోతాయి, ఇంట్లో రసాయనం మిగులుతుంది, మొక్క మాత్రం ఉన్నట్టే ఉంటుంది. ఇళ్లలో కనిపించే మచ్చల్లో చాలావాటికి అసలు మందే అక్కర్లేదని నా గట్టి నమ్మకం. అక్కర పడినప్పుడు ఏది వాడాలి, ఏది వద్దు అన్నది కారణాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి. మచ్చపడిన చోట ఆకు కణాలు చచ్చిపోయి ఉంటాయి. అవి మళ్లీ పచ్చబడవు. ఎంత ఖరీదైన మందైనా పాత మచ్చను మాపలేదు, కొత్త మచ్చ పడకుండా మాత్రమే ఆపగలదు. అందుకే మందు పనిచేసిందా లేదా అన్నది పాత ఆకుల్ని చూసి కాదు, ఆ తర్వాత విచ్చుకున్న ఆకుల్ని చూసి చెప్పాలి. ఇది తెలియక వారానికో మందు మార్చి కొట్టి, బతికున్న ఆకుల్ని కూడా మాడ్చేసుకునేవాళ్లు ఎందరో.

మచ్చను ఎలా గుర్తుపట్టాలి

శిలీంధ్రం వల్ల వచ్చిన మచ్చ సాధారణంగా గుండ్రంగా, పొడిగా ఉంటుంది. మధ్యలో బూడిదరంగు లేదా లేత గోధుమ, అంచు ముదురు, చుట్టూ పసుపు వలయం. ఆల్టర్నేరియా అనే శిలీంధ్రం అయితే ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలు కనిపిస్తాయి. ఆంథ్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు ఎక్కువగా ఆకు అంచు నుంచి గానీ కొన నుంచి గానీ లోపలికి పాకుతుంది. ఎండిన భాగాన్ని ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే సూదిమొనంత నల్లటి చుక్కలు కనబడతాయి. శిలీంధ్ర బీజాలు (స్పోర్లు) తయారయ్యేది వాటిలోనే. గులాబీ నల్లమచ్చ తెగులులో మచ్చ అంచులు పీలికలు పీలికలుగా ఉంటాయి, ఆకు పసుపెక్కి రాలిపోతుంది.

బ్యాక్టీరియా మచ్చ తీరు వేరు. మొదట తడిసినట్టు, నూనె అంటినట్టు కనిపిస్తుంది. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ భాగంలోంచి కాంతి ఎక్కువగా వస్తుంది. మందారం లాంటి ఆకుల్లో మచ్చ ఈనెల దగ్గర ఆగిపోయి కోణాలుగా తయారవుతుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు వేగం. మొన్న చుక్కగా ఉన్నది ఇవాళ వేలిగోరంత అయితే, తాకితే మెత్తగా ఉంటే, దుర్వాసన వస్తుంటే శిలీంధ్రం కన్నా ముందు బ్యాక్టీరియాను అనుమానించండి. డీఫెన్‌బాకియా, అగ్లోనిమా కాండాల్లో ఈ కుళ్లు ఎక్కువ.

పురుగుల మచ్చలు ఆకు పైన చూస్తే అర్థం కావు, ఆకు తిప్పి చూడాలి. ఎర్రనల్లి పట్టిన ఆకు పైభాగమంతా సన్నటి పాలిపోయిన చుక్కలు, అడుగున పల్చటి గూడు. మార్చి నుంచి జూన్ దాకా, ఏసీ గదుల్లో అయితే ఏడాది పొడవునా ఇది రావచ్చు. అనుమానమొస్తే ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, కాగితం మీద కదిలే చుక్కలుంటే తేలిపోయినట్టే. తామరపురుగులైతే (థ్రిప్స్) వెండిరంగు చారలు, వాటి మీద నల్లటి చుక్కలు. తులసికి ప్రత్యేకంగా ఒక పురుగు ఉంది, జాలీలాంటి రెక్కలున్న చిన్న లేస్ బగ్. అది పట్టిన తులసి ఆకులు ముడుచుకుని, గోధుమరంగుకు తిరిగి, అడుగున తారు చుక్కల్లాంటి నల్లటి రెట్టతో నిండిపోతాయి. తెగులు సోకిందని ఫంగిసైడ్ కొట్టే తులసి కుండీల్లో చాలా వాటికి అసలు సమస్య ఇదే.

ఇక నీళ్లు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర తెగులనుకునే ఆకుకొన మాడుల్లో ఎక్కువ భాగం నీళ్ల వల్ల వచ్చినవే. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, లక్కీ బాంబూ, కలాథియా, పీస్ లిల్లీలకు కొనలు మాత్రమే ఎండి, గోధుమరంగుకు, పచ్చకు మధ్య గీత గీసినట్టు ఉంటే అది ఉప్పు పేరుకోవడమో, ఫ్లోరైడో. నల్గొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సంగతి రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిందే. డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ ఫ్లోరైడ్‌ను అసలు తట్టుకోలేవు. నీళ్లు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఈ మొక్కలకు అది వద్దు. ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో మంచి ఉద్దేశంతోనే జరుగుతోంది. ఆర్ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లను వృథా చేయడం ఇష్టం లేక కుండీలకు పోస్తారు. మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. నేల కడగడానికి, బాత్రూముకు వాడండి, ఇంటి మొక్కలకు మాత్రం పోయకండి. వాననీళ్లు దొరికితే వాటిని మించినవి లేవు. నెలకోసారి కుండీ అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేంతవరకు మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేయాలి.

ఎండదెబ్బను గుర్తుపట్టడం సులువు. మచ్చలు ఎండ తగిలే వైపే ఉంటాయి, తెల్లగా లేదా లేత గోధుమరంగులో కాగితంలా పలచబడతాయి, ఆ తర్వాత పెరగవు. కడియం నర్సరీల్లో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను హైదరాబాద్ తెచ్చి నేరుగా పడమటి బాల్కనీలో పెడితే రెండు మూడు రోజుల్లో ఇదే జరుగుతుంది. దానికి మందు నీడ మాత్రమే. వారం పది రోజుల పాటు కొంచెం కొంచెంగా వెలుతురుకు అలవాటు చేయాలి.

అరెకా పామ్‌కు వేరే లెక్క. అడుగునున్న ముసలి ఆకుల మీద నారింజ-పసుపు చుక్కలు, వెలుతురులో చూస్తే పారదర్శకంగా, కొనల నుంచి ఎండుతూ ఉంటే అది పొటాషియం లోపం. ఇక్కడ కత్తెర వాడకూడదు. మొక్క ఆ ముసలి ఆకుల్లోంచే పొటాషియం లాగి కొత్త ఆకులకు పంపుతోంది. వాటిని కోసేస్తే లోపం ఇంకో వరస పైకి ఎక్కుతుంది. ఎరువు సరిచేసి, ఆకు పూర్తిగా ఎండాకే తీయాలి.

కొన్ని మచ్చలు జబ్బే కాదు. బోస్టన్ ఫెర్న్ ఆకు అడుగున వరసగా, సమాన దూరంలో ఉండే గోధుమ చుక్కలు దాని బీజాల సంచులు. తెల్లవారుజామున మనీప్లాంట్ ఆకు కొన నుంచి కారిన నీటిబొట్టు ఎండి తెల్లటి మరక మిగలడం కూడా మామూలే.

ఇంకా తేలకపోతే రెండు పరీక్షలు. మచ్చ అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి వారం ఆగండి. గీత దాటితే అది సజీవమైన తెగులు, దాటకపోతే ఎప్పుడో జరిగిపోయిన దెబ్బ. రెండోది, మచ్చపడిన ఆకును తడి టిష్యూతో కలిపి జిప్ కవర్లో రెండు మూడు రోజులు ఉంచండి. మచ్చ మీద నూగు గానీ నల్లటి చుక్కలు గానీ పుట్టుకొస్తే శిలీంధ్రం అనుకోవచ్చు. ఆకు మొత్తం బూజు పట్టేదాకా ఉంచితే మాత్రం అర్థం లేదు, చచ్చిన ఆకు మీద ఏ బూజైనా పెరుగుతుంది.

ఏది ఎప్పుడు

నా లెక్కలో మొదటి ఎంపిక కత్తెర, ఆకు తడవకుండా చూసుకోవడం. శిలీంధ్ర బీజం మొలకెత్తాలన్నా, బ్యాక్టీరియా ఆకులోకి దూరాలన్నా ఆకు మీద నీటి పొర కావాలి. గులాబీ నల్లమచ్చకైతే ఆకు ఆగకుండా ఏడు గంటల పాటు తడిగా ఉంటే సరిపోతుంది. సాయంత్రం ఆకుల మీద నీళ్లు చల్లితే తెల్లారేదాకా ఆ అవకాశం మనమే ఇచ్చినట్టు. పొద్దున్నే, మట్టికి మాత్రమే నీళ్లు పోయడం, కుండీల మధ్య జానెడు ఖాళీ వదలడం, ఫ్యాన్ గాలి తగిలేలా ఉంచడం. మచ్చలున్న ఆకుల్ని కోసి కవర్లో కట్టి చెత్తలో వేయాలి, కంపోస్టులో కాదు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేముందు కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి, బ్యాక్టీరియా విషయంలో ఇది తప్పనిసరి. ఒకేసారి మొక్క ఆకుల్లో మూడో వంతు కన్నా ఎక్కువ తీయకపోవడం మేలు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ముందే ఎక్కువ. అక్కడ పీస్ లిల్లీకి రోజూ మిస్టింగ్ చేయడం మచ్చల్ని పిలవడమే.

రెండు వారాల తర్వాత కూడా కొత్త ఆకుల మీద మచ్చలు పడుతుంటే అప్పుడు మందు గురించి ఆలోచించాలి.

వేపనూనెను అందరూ సర్వరోగ నివారిణిలా వాడుతున్నారు. అది ప్రధానంగా పురుగుల మందు. నల్లి, తామరపురుగు, పిండినల్లి, తులసి జాలీ పురుగు ఉన్నప్పుడు అదే నా మొదటి ఎంపిక. ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించే బూడిద తెగులు మీద కూడా కొంత పనిచేస్తుంది. పెరిగిపోతున్న ఆకుమచ్చ తెగులును మాత్రం ఆపదు, బ్యాక్టీరియాను అసలే ఆపదు. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల నూనె, అది కలవడానికి కొన్ని చుక్కల ద్రవ సబ్బు. ముందు సబ్బును నూనెలో కలిపి, తర్వాత గోరువెచ్చటి నీళ్లలో పోస్తే విడిపోదు. సాయంత్రం ఎండ పోయాక, ముఖ్యంగా ఆకుల అడుగున తగిలేలా కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఫెర్న్‌లకు, నూగు ఆకుల ఆఫ్రికన్ వయొలెట్‌కు వద్దు.

కాపర్ ఆక్సీక్లోరైడ్, అంటే బ్లైటాక్స్ లాంటి నీలిరంగు పొడి. శిలీంధ్రమా, బ్యాక్టీరియానా తేలనప్పుడు దీన్నే ఎంచుకోమంటాను, ఎందుకంటే ఇంటి అవసరానికి దొరికే వాటిలో రెండిటి మీదా ఎంతో కొంత పనిచేసేది ఇదే. రాగి మందుల చరిత్ర పాతది. 1885లో ఫ్రాన్స్ ద్రాక్ష తోటల్లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని బూజు తెగులు మీద నిరూపించాడు, మన రైతులు ఇప్పటికీ దాన్ని కలుపుకుంటున్నారు. నాలుగు కుండీలకు ఆ శ్రమ అక్కర్లేదు, రెడీగా దొరికే పొడి లీటరుకు 3 గ్రాములు చాలు. ఇది ఆకు లోపలికి పోదు, పైన పొరగా ఉండి కాపాడుతుంది. కాబట్టి తెగులు మొదట్లోనే, ఆకు రెండు వైపులా పడేలా, 7 నుంచి 10 రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టాలి. ముసురు పట్టి ఆకులు ఆరని రోజుల్లో, లేత చిగుళ్ల మీద కొడితే కాపరే మచ్చలు తెస్తుంది. బ్రొమీలియాడ్లకు అసలు వాడకూడదు. ఇంకో ముఖ్యమైన హెచ్చరిక: బాల్కనీలో కలువ తొట్టిలో గప్పీలు పెంచేవాళ్లు, ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు కాపర్‌ను ఆ దరిదాపుల్లో కొట్టొద్దు. చేపలకూ నత్తలకూ అది విషం.

మాంకోజెబ్ శిలీంధ్ర మచ్చలకు మంచి రక్షణ మందు. ఎం-45 పేరుతో దొరుకుతుంది, లీటరుకు 2 నుంచి 2.5 గ్రాములు. బ్యాక్టీరియాకు పనికిరాదు. సాఫ్‌లో 63 శాతం మాంకోజెబ్, 12 శాతం కార్బెండజిమ్ ఉంటాయి, లీటరుకు 2 గ్రాములు. కార్బెండజిమ్ ఆకులోకి ఇంకుతుంది కాబట్టి అప్పుడే సోకిన తెగులును కూడా కొంత ఆపగలదు. అదే దాని బలం. బలహీనత ఏమిటంటే, పదే పదే వాడితే శిలీంధ్రాలు దానికి త్వరగా అలవాటు పడిపోతాయి. ఆల్టర్నేరియా మీద, తమలపాకును కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా మీద కార్బెండజిమ్ పనిచేయదు, అక్కడ పనంతా మాంకోజెబ్‌దే. ఐరోపా సమాఖ్య 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని కొనసాగించకూడదని నిర్ణయించింది. పాకెట్ మీద త్రికోణం ఆకుపచ్చగా ఉంది కదా అని కొందరు ధైర్యపడతారు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు విషతీవ్రత మెట్లు మాత్రమే, ఆకుపచ్చ అంటే హాని లేదని కాదు. నా సలహా: సాఫ్‌ను గులాబీ, మందారం లాంటి బాల్కనీ పూలమొక్కలకు, అదీ సీజన్‌కు ఒకటి రెండు సార్లకు పరిమితం చేయండి. గదిలో మొక్కకైతే బయటికి తెచ్చి కొట్టి, పూర్తిగా ఆరాకే లోపలికి తీసుకెళ్లండి. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్క్, పిల్లలూ పెంపుడు జంతువులూ దూరం. కొలవడానికి వంటింటి స్పూను వద్దు.

సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ మేలు చేసే బ్యాక్టీరియా. లీటరుకు 5 నుంచి 10 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టవచ్చు. మెల్లగా, ముందు జాగ్రత్తగా పనిచేస్తుంది, తెగులు ముదిరాక ఆశ పెట్టుకోకూడదు. ఇది ప్రాణమున్న మందు కాబట్టి తయారీ తేదీ చూసి కొనాలి, కాపర్‌తో కలపకూడదు. ట్రైకోడెర్మా దీనికి తోడుగా పేరు వినబడుతుంది గానీ దాని పని మట్టిలో, వేరుకుళ్లు మీద. ఆకుమచ్చలకు ట్రైకోడెర్మా కొనడం వృథా.

వంటింటి చిట్కాల్లో పులిసిన మజ్జిగ, పాలు, వంటసోడా ముఖ్యమైనవి. పాల గురించి 1999లో బ్రెజిల్‌లో జుకీనీ మీద ప్రచురించిన పరిశోధన ఉంది, అయితే అది బూడిద తెగులు మీద. మందారం, గులాబీ ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే పాలో మజ్జిగో ప్రయత్నించవచ్చు, గోధుమ మచ్చల మీద అంత ఆశ వద్దు. వంటసోడా కూడా అంతే, పైగా అందులోని సోడియం కుండీ మట్టిలో పేరుకుంటుంది. దాల్చినచెక్క పొడి కోసిన కాండం చివరకు రాస్తే మంచిదే, ఆకుల మీద చల్లితే లాభం లేదు.

తినే ఆకులు, దేవుడి తులసి

తులసి, కరివేపాకు, తమలపాకు కుండీల్లో పొడి మందుల జోలికి నేను పోనివ్వను. రోజూ తీర్థంలో వేసుకునే ఆకు, పోపులో పడే ఆకు, భోజనమయ్యాక నమిలే ఆకు. మందు కొట్టాక ఎన్నాళ్లు ఆగాలో లెక్కపెట్టుకుంటూ ఇంట్లో ఎవరూ ఆకు కోయరు, అత్తగారో పిల్లలో తెలియక తెంపేస్తారు. కరివేపాకుకు మచ్చలు ఎక్కువైతే కొమ్మలు సగానికి కత్తిరించడమే నయం, శుభ్రమైన కొత్త చిగురు వేస్తుంది. తులసికి సబ్బునీళ్లు, మర్నాడు మామూలు నీళ్లతో కడగడం, అవసరమైతే వేపనూనె. తమలపాకు తీగను గోడకు ఆనించకుండా గాలి ఆడేలా పాకించి, కిందకు వేలాడే ఆకులు మట్టికి తగలకుండా తీసేస్తే సగం తెగులు తగ్గుతుంది. మట్టి మీద పడిన నీళ్లు చింది అడుగు ఆకులకు తగలడమే దానికి మొదటి దారి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఎంపికలు వేరు. అక్కడి గార్డెన్ షాపుల్లో కాపర్ సబ్బు (ద్రవరూపంలోని రాగి మందు), పొటాషియం బైకార్బొనేట్ దొరుకుతాయి. పొటాషియం బైకార్బొనేట్ వంటసోడా కన్నా మెరుగు, సోడియం బెడద ఉండదు. చలికాలం లోపలికి తెచ్చిన కరివేపాకు ఆకులు పసుపెక్కి రాలితే తెగులని భయపడకండి. వెలుతురు తగ్గడం, హీటర్ పొడిగాలి, అలవాటు కొద్దీ ఎక్కువ పోసే నీళ్లు కారణమయ్యే అవకాశమే ఎక్కువ. ముందు ఆకు అడుగున నల్లి ఉందేమో చూడండి, లేకపోతే నీళ్లు తగ్గించి కిటికీ దగ్గరికి జరపండి.

మొక్కను ఎప్పుడు వదులుకోవాలన్నది కూడా ఎంపికే. గులాబీ ఆకులన్నీ రాలినా కొమ్మ పచ్చగా ఉంటే పారేయొద్దు, రాలిన ఆకులు ఏరి, కత్తిరించి, కొత్త చిగురు రెండు మూడు ఆకులు వేయగానే రక్షణ మందు మొదలుపెట్టండి. డీఫెన్‌బాకియా కాండం మొదట్లో మెత్తబడి వాసన వస్తే మందులు మానేసి, పైన గట్టిగా ఉన్న భాగాన్ని శుభ్రమైన కత్తితో కోసి, కోసిన చోట లోపల మరక లేదని చూసుకుని కొత్త మట్టిలో నాటండి. కోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, దాని రసం తగిలితే దురద, మంట పుడతాయి. పాత మట్టిని ఇంకో కుండీలో కలపొద్దు. కుండీని రుద్ది కడిగి, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, మళ్లీ కడిగి ఆరబెట్టాకే ఇంకో మొక్కకు వాడండి.